ఎడిన్‌బరాలో పెళ్ళికి కిల్టు: దారిలో జనం చూపులకీ ప్రశ్నలకీ ఏం చేయాలి?

గోదారిగట్టు

అందరికీ నమస్కారం. ఆఫీసులో కలిసి పనిచేసే స్కాటిష్ మిత్రుడి పెళ్ళి వచ్చే నెల. పెళ్ళికొడుకు వైపు మగవాళ్ళందరికీ కిల్టులే, అదే, అక్కడి మగవాళ్ళు నడుముకి చుట్టుకునే గళ్ళ కుచ్చిళ్ళ బట్ట. నా పేరు మీద కూడా అద్దె షాపులో ఒకటి బుక్ చేశారు, కొలతలు పంపమంటున్నారు. హాల్లో అందరిదీ అదే వేషం కాబట్టి అక్కడ బెంగ లేదు. నా బెంగంతా దారిలోనే. లీత్ వాక్‌లో ట్రామ్ ఎక్కి సెయింట్ ఆండ్రూ స్క్వేర్‌లో దిగి ఓల్డ్ టౌన్ దాకా నడవాలి, రాత్రి పదకొండు దాటాక అదే దారిన వెనక్కి రావాలి.

అడగాల్సినవి ఇవీ: మనలాంటివాడు కిల్టు వేస్తే అక్కడివాళ్ళు తప్పు పడతారా? "లోపల ఏమైనా వేసుకున్నావా" అని అడుగుతారట, ఏం చెప్పాలి? తాగినవాళ్ళు ఎత్తి చూస్తారని విన్నాను, నిజమేనా? మేజోడులో పెట్టుకునే కత్తితో ట్రామ్ ఎక్కితే పోలీసులు పట్టుకోరా? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

కుచ్చిళ్ళమాస్టారు

గోదారిగట్టు గారూ, శనివారం మధ్యాహ్నం ఎడిన్‌బరాలో కిల్టు వేసుకుని నడిచేవాణ్ణి ఎవరూ వింతగా చూడరు. పెళ్ళో, గ్రాడ్యుయేషనో, మర్రేఫీల్డ్‌లో రగ్బీ మ్యాచో అనుకుని వాళ్ళ దారిన వాళ్ళు పోతారు. తల తిప్పి చూసేది రెండు రకాలవాళ్ళు. ఒకరు టూరిస్టులు, వాళ్ళని ఆపలేం. రెండోవాళ్ళు, కట్టులో తప్పు కనిపించిన స్కాట్‌లు. వీళ్ళ చూపు మాత్రం పూర్తిగా మీ చేతిలోనే ఉంది. అందుకే ముందు కట్టు సంగతి, జనం సంగతి తర్వాత.

అసలు తప్పు కొలతల దగ్గరే జరుగుతుంది. కిల్టు ప్యాంటులా తుంటి మీద నిలబడదు, బొడ్డు దగ్గర మొదలవుతుంది. ప్యాంటు సైజు 34 కదా అని షాపుకి 34 రాసి పంపితే, తెచ్చిన కిల్టు బొడ్డు దగ్గర పట్టదు. పట్టక కిందికి దింపి కట్టుకుంటారు. అప్పుడు అంచు మోకాళ్ళ కిందికి వేలాడుతుంది, దూరం నుంచి చూస్తే పావడాలా ఉంటుంది. "నైస్ స్కర్ట్" అన్న మాట పడేది ఎక్కువగా ఇలాంటప్పుడే. టేపుని చొక్కా మీదుగా బొడ్డు చుట్టూ పెట్టి కొలవండి, పొట్ట బిగపట్టకుండా. తర్వాత పిరుదుల దగ్గర బాగా ఎత్తుగా ఉన్నచోట చుట్టుకొలత. పొడవు కోసం నేల మీద మోకాళ్ళ మీద నిలబడి బొడ్డు నుంచి నేల దాకా కొలిచి ఒక అంగుళం తీసేయండి. లేచి నిలబడితే అంచు మోకాలిచిప్ప మధ్యకో, పై అంచుకో రావాలి. చిప్ప పూర్తిగా కప్పితే పొడవెక్కువ, తొడ కనిపిస్తే పొట్టి. 1822లో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరా వచ్చి మరీ పొట్టి కిల్టు, దాని కింద ఒంటిరంగు బిగుతు మేజోళ్ళు వేశాడు. రెండు వందల ఏళ్ళయినా ఆ వేషం తలుచుకుని నవ్వుతూనే ఉన్నారు.

మనవాళ్ళకి ఇంకో చిక్కు, పొట్ట. బొజ్జ ఉన్నవాళ్ళకి కిల్టు ముందువైపు జారి పొట్ట కిందికి దిగుతుంది. ముందు అంచు వంగి వెనక అంచు లేస్తుంది. దీనికి మందు, ముందువైపు ఒక అంగుళం ఎత్తి కట్టి పై పట్టీ గట్టిగా బిగించడమే. అద్దె కిల్టుకి లోపల క్లిప్పులు పట్టే చోటుంటే వెయిస్ట్‌కోటు కింద సస్పెండర్లు వేసినా ఎవరికీ కనిపించదు.

ఇక కట్టడం. కుచ్చిళ్ళు వెనక్కి, నున్నటి భాగం ముందుకి. మన పంచె కుచ్చిళ్ళు ముందుంటాయి కాబట్టి చేయి అలవాటుగా తిరగేసే ప్రమాదం ఉంది, నవ్వు తెప్పించే తప్పుల్లో ఇదే మొదటిది. లోపొర పట్టీని ఎడమ నడుము దగ్గరున్న చీలికలోంచి బయటికి లాగి ఎడమ బకిల్‌కి పెట్టాలి. తర్వాత పైపొరని మీ కుడివైపుకి చుట్టి కుడి బకిల్ పెట్టాలి. దారాలు వేలాడే అంచు కుడి తొడ మీదికి వస్తుంది. కుడివైపు కింద, తుంటి దగ్గర రెండో పట్టీ ఉంటే దాన్ని ఊరికే అమరేంత బిగించండి చాలు. దాన్ని గట్టిగా లాగితే వెనక కుచ్చిళ్ళు నోళ్ళు తెరుస్తాయి.

ముందు అంచుకి పెట్టే కిల్టు పిన్ను గురించి ఒక్క హెచ్చరిక. పైపొర ఒక్కదానికే గుచ్చాలి, అంచు నుంచి రెండు మూడు అంగుళాల పైన. గాలికి తెరుచుకోకుండా అని రెండు పొరలూ కలిపి గుచ్చితే నడిచినప్పుడు బట్ట లాగి చిరుగుతుంది, షాపువాడు డబ్బు పట్టుకుంటాడు.

మేజోళ్ళ మడత మోకాలిచిప్ప కింద రెండు మూడు వేళ్ళ దూరంలో, రెండు కాళ్ళకీ ఒకే ఎత్తులో ఉండాలి. ముందు వేలాడే సంచి, అదే స్పోరన్, వెయిస్ట్‌కోటు చివరి బొత్తాం కింద నాలుగు వేళ్ళు వదిలి ఉండాలి. మరీ కిందికి వదిలితే అడుగడుక్కీ తొడలకి కొట్టుకుని మీరే అందరి కళ్ళలో పడతారు. వెయిస్ట్‌కోటు వేస్తే నడుముకి బెల్టు పెట్టరు.

మర్చంట్‌సిటీ_మణి

మాస్టారు కట్టు చెప్పేశారు, నేను నోటి సంగతి చెప్తా.

మనవాడు వేస్తే తప్పు పడతారా అన్న దిగులు వదిలేయండి. పెళ్ళికి పిలిచి కిల్టు ఇచ్చింది వాళ్ళే. చట్టంలో కూడా ఫలానా టార్టన్ (కిల్టు గళ్ళ నమూనా) ఫలానావాళ్ళే కట్టాలన్న నియమం లేదు. మినహాయింపుగా చెప్పుకునేది బల్మోరల్ టార్టన్, అది రాజకుటుంబానికే అని ఆచారం. బ్లాక్ వాచ్ అనే టార్టన్ అయితే ఎవరు కట్టినా అడిగే దిక్కు లేదు. స్కాట్లాండ్ ప్రభుత్వ టార్టన్ రిజిస్టరు 2009లో మొదలైంది, అందులో సింగ్ అనే పేరుతో కూడా టార్టన్ ఉంది.

అడిగే ప్రశ్న మాత్రం ఖాయం: "నీది ఏ క్లాన్?" క్లాన్ అంటే వంశం. ఇది ఎగతాళి కాదు, మనం "మీది ఏ ఊరండీ" అన్నట్టు. "అద్దె షాపు వాళ్ళ క్లాన్" అనండి, నవ్వేసి వదిలేస్తారు. లేదా పెళ్ళికొడుకు ఇంటిపేరు చెప్పి వాళ్ళ టార్టన్ అనండి. ముందే అతన్ని అడిగి టార్టన్ పేరు తెలుసుకుని ఉంటే మంచిది. తెలియకపోతే అడిగిన పెద్దాయనే పది నిమిషాలు చెప్తాడు, అప్పుడు ట్రామ్ తప్పిపోతుంది.

రెండో ప్రశ్న మీరు విన్నదే. "ఈజ్ ఎనీథింగ్ వోర్న్ అండర్ ద కిల్ట్?" దీనికి తాతల కాలం నుంచి వస్తున్న జవాబు: "నో, ఎవ్రీథింగ్ ఈజ్ ఇన్ పర్ఫెక్ట్ వర్కింగ్ ఆర్డర్." అర్థం కావాలంటే 'వోర్న్' మాటకి వేసుకున్నది అనీ అరిగిపోయినది అనీ రెండు అర్థాలున్నాయని తెలియాలి. అడిగినవాడు మొదటి అర్థంలో అడుగుతాడు, మీరు రెండో అర్థంలో జవాబిస్తారు. వాళ్ళ భాషలో వాళ్ళ పాత జోకు మీ నోట వింటే పది మందిలో తొమ్మిది మంది భుజం తట్టి పోతారు. శ్లేష నోటికి రాకపోతే "షూస్ అండ్ సాక్స్" అంటే సరిపోతుంది, అదీ పాత జవాబే.

చేయకూడనిది ఒకటే, వివరణ. నిజంగా ఏం వేసుకున్నారో ఎవరికీ చెప్పకండి, అవునని గానీ కాదని గానీ. చెప్తే "చూపించు" అన్నది తర్వాతి మాట. ఒక్క ముక్క అని కాళ్ళు కదపాలి. ఆగి నిలబడ్డామా, సభ మొదలైనట్టే.

లాపాయింట్

మణి గారూ, అంతవరకూ సరదానే. కానీ గోదారిగట్టు గారి మూడో ప్రశ్న సరదా కాదు. ఎత్తి చూడటం నిజంగా జరుగుతుంది. చేసేది ఎక్కువగా తాగి గుంపుగా తిరిగే వాళ్ళు, మగవాళ్ళే కాదు, ఆడవాళ్ళు కూడా. హెన్ పార్టీల (పెళ్ళికూతురు పెళ్ళికి ముందు స్నేహితురాళ్ళతో చేసుకునే విందుల) గుంపుల్లో ఇది మరీ ఎక్కువ. ఆడవాళ్ళు చేశారు కదా అని నవ్వి ఊరుకోవాలని ఎక్కడా లేదు.

స్కాట్లాండులో 2009 నాటి లైంగిక నేరాల చట్టం ఉంది. బట్టల కింద కెమెరా పెట్టి ఫొటో తీయడాన్ని 2010లో సవరణ తెచ్చి అందులో చేర్చారు. ఆడా మగా తేడా లేదు, కిల్టు కిందికీ అదే వర్తిస్తుంది. ఇంగ్లండు, వేల్స్‌లో విడిగా చట్టం చేశారు, అది 2019 ఏప్రిల్ 12 నుంచి అమల్లో ఉంది, గరిష్ఠ శిక్ష రెండేళ్ళు. చేయి వేసి తాకితే అది దాడి కింద వస్తుంది.

అయితే రాత్రి పదకొండింటికి వీధిలో సెక్షన్లు వల్లిస్తే ఎవరూ వినరు. అక్కడ పనికొచ్చేది ఇది. ఎవరైనా వెనక నుంచి చేయి చాపుతున్నారనిపిస్తే ఒక చేత్తో వెనక కుచ్చిళ్ళు నొక్కి పట్టి, వాళ్ళకి ఎదురుగా తిరగండి. ముందువైపు స్పోరన్ బరువు, రెండు పొరల బట్ట ఉంటాయి, అది లేపడం కష్టం. వెనకవైపే తేలిక. నవ్వకుండా, పెద్దగా, రెండే మాటలు: "డోంట్ టచ్." ముఖంలో నవ్వు ఉంటే ఆటనుకుంటారు. తర్వాత వాదన వద్దు, వెలుతురూ మనుషులూ ఉన్న వైపు నడవండి. పబ్బులో అయితే తలుపు దగ్గర కాపలా ఉండే స్టీవార్డుకి చెప్పండి, వాళ్ళు బయటికి పంపేస్తారు. రైలులోనో స్టేషన్‌లోనో అయితే బ్రిటిష్ ట్రాన్స్‌పోర్ట్ పోలీసులకి 61016కి మెసేజ్ పెట్టొచ్చు, గట్టిగా మాట్లాడక్కర్లేదు. బయట అయితే 101, ప్రమాదం అనిపిస్తే 999.

కత్తి సంగతి. దాని పేరు స్కీయన్ దూ. స్కాట్లాండులో బహిరంగ ప్రదేశంలో కత్తి పట్టుకు తిరగడం నేరం. కానీ 1995 నాటి చట్టంలో 49వ సెక్షన్ జాతీయ దుస్తుల్లో భాగమైతే దాన్ని మినహాయింపుగా ఒప్పుకుంటుంది. పూర్తి కిల్టు వేషంలో పెళ్ళికి వెళ్ళేవాడి మేజోడులో ఉంటే సమస్య లేదు. అదే కత్తి మరుసటిరోజు జీన్స్ జేబులో ఉంటే ఆ మినహాయింపు వర్తించదు. పబ్బు, క్లబ్బు, స్టేడియం వాళ్ళు లోపలికి రానివ్వకపోవచ్చు, అది వాళ్ళ ఇష్టం. అందుకే అద్దె షాపులు చాలావరకు బ్లేడు లేని ప్లాస్టిక్‌దే ఇస్తాయి. మీకిచ్చింది ఏదో చూసుకోండి. కుడిచేతివాటం అయితే కుడి మేజోడులో, పిడి మాత్రమే కనిపించేలా పెట్టండి. దాన్ని తీసి ఆడించడం, ఫొటోకి పట్టుకోవడం చేయకండి. వీధిలో జనం బెదిరేది ఆ ఒక్క పనికే.

గోదారిగట్టు

మాస్టారూ, మణి గారూ, లాపాయింట్ గారూ, థాంక్సండీ. బొడ్డు దగ్గర కొలిస్తే ప్యాంటు సైజు కంటే మూడు అంగుళాలు ఎక్కువొచ్చింది, మెయిల్ మార్చి పంపించా. మొహమాటంగానే అడుగుతున్నా: అసలు లోపల వేసుకోవాలా వద్దా? ఇంకోటి, ఆ దారిలో గాలి సంగతేమిటి?

మర్చంట్‌సిటీ_మణి

సంప్రదాయం ప్రకారం అయితే వేసుకోరు. నిజమైన స్కాట్ అంటే...

కుచ్చిళ్ళమాస్టారు

మణీ, ఆ మాట పట్టుకుని కొత్తవాళ్ళు ఇరుక్కుంటారు. అద్దె కిల్టు మీకు ముందు ఎందరో కట్టారు, మీ తర్వాత ఇంకెందరో కడతారు. లోపల వేసుకోమని షాపువాళ్ళే చెప్తారు. హైలాండ్ డ్యాన్స్ పోటీల్లో కూడా లోపల ముదురు రంగుది ఉండాల్సిందే. సంప్రదాయం అంటూ లోపల ఏమీ లేకుండా తిరిగేది సైన్యంలో పుట్టిన కథల వల్ల. నల్లదో ముదురు నీలందో, తొడ మధ్యదాకా వచ్చే బిగుతు షార్ట్స్ వేసుకోండి. తెల్లది వద్దు, చీకట్లో ఫ్లాష్ పడితే మెరుస్తుంది. పొడవు కిల్టు అంచు కంటే ఒక జానెడు పైనే ఆగాలి. ఎనిమిది గజాల ఉన్ని చుట్టుకుని రోజంతా తిరిగితే తొడలు రాసుకుంటాయి, ఆ బాధ కూడా షార్ట్స్‌తో తప్పుతుంది. పెళ్ళిలో కేలీ డ్యాన్సు, అంటే అక్కడి జానపద గుంపు నాట్యం, తప్పకుండా ఉంటుంది. 'స్ట్రిప్ ద విల్లో'లో చేయి పట్టి గిర్రున తిప్పుతారు, అప్పుడు కుచ్చిళ్ళు గొడుగులా లేస్తాయి. స్పోరన్‌ని తుంటి పక్కకి జరుపుకుని ఆడండి, లేకపోతే అది గుద్దే చోటు వేరు.

గాలి గురించి. ఎడిన్‌బరాలో కిల్టుకి అసలు శత్రువు మనిషి కాదు, గాలే. వేవర్లీ స్టెప్స్ అని స్టేషన్ నుంచి ప్రిన్సెస్ స్ట్రీట్‌కి ఎక్కే మెట్లున్నాయి, అక్కడ గాలి గొట్టంలో ఊదినట్టు కింద నుంచి పైకి కొడుతుంది. ఆ మెట్లు ఎక్కకండి, లిఫ్టు ఉంది. నార్త్ బ్రిడ్జ్ మీద కూడా పక్కగాలి గట్టిగా ఉంటుంది. మీరు సెయింట్ ఆండ్రూ స్క్వేర్ నుంచి వస్తున్నారు కాబట్టి వేవర్లీ బ్రిడ్జ్ మీదుగా మార్కెట్ స్ట్రీట్‌కి రండి, అది కొంచెం పల్లంలో ఉంటుంది.

బట్ట బరువు అడిగి తెలుసుకోండి, దాన్ని ఔన్సుల్లో చెప్తారు, అంకె పెరిగితే బట్ట మందం. 16 ఔన్సుల ఉన్ని అయితే కిల్టు మొత్తం రెండు కిలోలకి దగ్గరగా ఉంటుంది, మామూలు గాలికి లేవదు. 10, 11 ఔన్సులదీ, టూరిస్టు దుకాణాల అక్రిలిక్‌దీ చిన్న గాలికే ఎగురుతాయి. కుచ్చిళ్ళు పిరుదుల దాకా కుట్టేసి ఉంటాయి, దాని కింద వదులు. కాబట్టి గాలి వెనక నుంచి వస్తే వదులుగా ఉన్న భాగమే లేస్తుంది. బస్‌స్టాపులో నిలబడితే వీపు గోడకో అద్దానికో ఆనించండి. చేతిసంచి ఉంటే నడుము వెనక వేలాడేలా వేసుకోండి. మోకాళ్ళ దాకా వచ్చే ఓవర్‌కోటు ఉంటే ఇవేవీ అక్కర్లేదు.

మర్చంట్‌సిటీ_మణి

సరే మాస్టారూ, ఒప్పుకున్నా. కూర్చోవడం గురించి కూడా చెప్పండి, దాంట్లోనే మగవాళ్ళు దొరికిపోతారు.

కుచ్చిళ్ళమాస్టారు

మంచి మాట. లుంగీ కట్టేవాడికి సగం తెలుసు, మిగతా సగమే చిక్కు. లుంగీ కాళ్ళ మధ్య పడి పాదాల దాకా కప్పుతుంది, కిల్టు మోకాలి దగ్గరే ఆగిపోతుంది. కూర్చునేముందు అరచేత్తో వెనక కుచ్చిళ్ళని పిరుదుల మీద నుంచి కిందికి నిమిరి, అలాగే కూర్చోవాలి. చీర కట్టినవాళ్ళు బస్సు సీటులో కూర్చునేముందు చేసేది అదే. నిమరకుండా ధబాలున కూర్చుంటే రెండు నష్టాలు. కుచ్చిళ్ళు నలిగి లేచాక వెనక ముద్దలా కనిపిస్తాయి. తొడలు సీటుకి నేరుగా తగులుతాయి, ట్రామ్ సీటు గుడ్డ గుచ్చుకుంటుంది. కూర్చున్నాక స్పోరన్ తొడల మధ్యకి జారేలా వదలండి, దాని బరువుకి బట్ట కూడా కిందికి దిగి ఎదుటి సీటువాడికి ఏమీ కనిపించదు. ఒక కాలి చీలమండని రెండో మోకాలి మీద పెట్టి కూర్చోవడం మానుకోండి.

ఎత్తు బార్ స్టూళ్ళు వద్దు. టాక్సీ దిగేటప్పుడు రెండు మోకాళ్ళూ కలిపి ఒకేసారి బయటికి తిప్పి దిగండి. కింద పడ్డది తీయాలంటే నడుము వంచకండి, మోకాళ్ళు వంచి కూర్చుని తీయండి. డబుల్ డెక్కర్ బస్సు అయితే కింద అంతస్తే, మెట్ల కింద ఎవరో ఒకరు ఉంటారు.

తిరుగుదారిలో గ్రాస్‌మార్కెట్, కౌగేట్ తప్పించండి. శనివారం రాత్రి ఆ రెండు వీధుల్లో హెన్ పార్టీలూ, పెళ్ళికొడుకుల స్టాగ్ పార్టీలూ నిండి ఉంటాయి. పై వీధుల్లోంచి మార్కెట్ స్ట్రీట్‌కి దిగి వేవర్లీ బ్రిడ్జ్ దాటేయండి.

ఫొటోలు అడుగుతారు, ఓల్డ్ టౌన్ పెద్దవీధి రాయల్ మైల్ మీద తప్పదు. ఒప్పుకుంటే ఒక్క ఫొటో, నిలబడి, మీ కళ్ళ ఎత్తులో. ఎవరైనా కింద కూర్చుని తీయబోతే "నో, ఫ్రమ్ హియర్" అని చేయి చూపించండి. ఇష్టం లేకపోతే "సారీ, లేట్ ఫర్ ద వెడ్డింగ్." పెళ్ళి మాట వింటే ఎవరూ ఆపరు.

కూకట్‌పల్లి_కిరణ్

మాస్టారూ, ఇదే చర్చలో నాదీ ఒక ప్రశ్న. మా చెల్లి పెళ్ళి, అబ్బాయిది స్కాట్లాండ్‌లో ఇన్వర్నెస్. ముహూర్తం, రిసెప్షన్ రెండూ హైదరాబాద్‌లోనే. అబ్బాయి, వాళ్ళ నాన్నగారు, నలుగురు స్నేహితులు కిల్టు వేస్తామంటున్నారు. మా పెద్దనాన్నలు ఇప్పటికే "గౌనేంట్రా" అని మొదలెట్టారు. ఎలా నెగ్గుకు రావాలి?

కుచ్చిళ్ళమాస్టారు

కిరణ్, పెద్దవాళ్ళకి చరిత్ర చెప్పొద్దు, ఒక్క మాట చెప్పండి: "వాళ్ళ పట్టుపంచె ఇది పెదనాన్నా, పెళ్ళికే కడతారు." అంతటితో ఆగండి. ఇంకా వాదనకొస్తే, ఒకప్పుడు సర్కారు దీన్ని నిషేధించిందనీ, 1747 నుంచి 1782 దాకా స్కాట్లాండ్‌లో మగవాళ్ళూ కుర్రాళ్ళూ కడితే మొదటిసారి ఆరు నెలల జైలు, రెండోసారి ఏడేళ్ళు సముద్రాల అవతలికి పంపేవాళ్ళనీ, సైన్యంలో ఉన్నవాళ్ళకే మినహాయింపనీ చెప్పండి. సైన్యం మాటకి మన పెద్దవాళ్ళు మెత్తబడతారు. బీటింగ్ రిట్రీట్‌లో బ్యాగ్‌పైపులు ఊదేవాళ్ళ భుజం మీద గళ్ళ బట్ట గుర్తు చేస్తే ఇంకా మంచిది.

ఇక్కడ స్కాట్లాండు రివాజు తిరగబడుతుంది. అక్కడ చూసీచూడనట్టు పోతారు, ఇక్కడ ఆగి, చుట్టూ చేరి, తాకి చూస్తారు. దురుద్దేశం ఉండదు. చీర చూపించినట్టు బట్ట చూడబోతారు, పిల్లలు కుచ్చిళ్ళు లాగుతారు. ఆ ఆరుగురికీ ముందే చెప్పి ఉంచండి, అందరి చేతా షార్ట్స్ వేయించండి. ఇద్దరు కజిన్లని పక్కన పెట్టండి, ప్రశ్నలన్నీ వాళ్ళు తెలుగులో తేల్చేస్తారు.

పీటల మీద మాత్రం కిల్టు వద్దు. బాసింపట్టు వేసుకుని కూర్చోవడానికి ఇది కుట్టిన బట్ట కాదు. మోకాళ్ళు పక్కలకి విడిపోతే ముందుపొర లేచిపోతుంది, అదీ ఎదురుగా వీడియో కెమెరా పెట్టుకుని. ముహూర్తానికి అబ్బాయికి పంచె కట్టి, రిసెప్షన్‌కి కిల్టు వేయించండి. అతని నాన్నగారూ స్నేహితులూ మండపం పక్కన కుర్చీల్లో కూర్చోవచ్చు. తప్పనిసరిగా నేల మీద కూర్చోవాల్సి వస్తే వజ్రాసనం ఒక్కటే దారి, మోకాళ్ళు కలిపి.

ఎండ చూసుకోండి. 16 ఔన్సుల ఉన్ని నడుము చుట్టూ పొరలుపొరలుగా ఉంటుంది, మే నెలలో మనిషి సొమ్మసిల్లుతాడు. మార్చి నుంచి అయితే 10, 11 ఔన్సులది తెమ్మనండి. బయట బారాత్ నడిపించకండి, ఏసీ హాలుకే పరిమితం చేయండి. సాయంత్రం లాన్ మీద ఫంక్షన్ అయితే కాళ్ళకి దోమల మందు, మేజోళ్ళ పైన మోకాళ్ళకి మరీ ముఖ్యంగా.

లాపాయింట్

కిరణ్ గారూ, ప్రయాణం గురించి రెండు ముక్కలు. స్కీయన్ దూ చేతిసామానులో పెడితే విమానాశ్రయంలో లాగేసుకుంటారు. అసలు తేకపోవడమే మంచిది, మేజోడులో పిడి ఒక్కటే ఉన్న ప్లాస్టిక్‌ది చాలు. స్పోరన్‌లో సీల్ చర్మంతో చేసినవి ఉంటాయి, అవి సరిహద్దుల్లో గొడవ. మామూలు తోలుదే తెమ్మనండి. ఎవరైనా కిల్టు కట్టుకునే విమానం ఎక్కుతామంటే స్పోరన్, దాని గొలుసు, పిన్ను, బెల్టు ముందే ట్రేలో వేయమనండి. అవి ఒంటి మీద ఉంటే మెషీన్ మోగుతుంది, అందరి ముందూ చేత్తో తడుముతారు. గుడికి తీసుకెళ్ళే ఆలోచన ఉంటే తోలు సంచి బయటే వదలాలి, దానికి ఒక మనిషిని పెట్టండి.

కూకట్‌పల్లి_కిరణ్

బాసింపట్టు సంగతి మా ఎవరికీ తట్టలేదు మాస్టారూ. బూట్లు కూడా ఏవో పొడుగు లేసులవి చూపించాడు ఫోన్‌లో.

కుచ్చిళ్ళమాస్టారు

గిల్లీ బ్రోగ్స్. నాలుక ఉండదు, లేసులు గజం పైన ఉంటాయి. ఇద్దరికీ పనికొస్తుంది కాబట్టి చెప్తా, గోదారిగట్టు గారూ మీరూ చూడండి. లేసులు బిగించాక చీలమండ ముందు రెండింటినీ ఒకదాని చుట్టూ ఒకటి మూడు నాలుగు సార్లు పురి పెట్టండి, రెండు అంగుళాల తాడులా లేస్తుంది. అక్కడి నుంచి చీలమండ వెనక్కి ఒక్క చుట్టు, మళ్ళీ ముందుకి తెచ్చి ముడి. పిక్క పైకంటా చుట్టకండి, పది అడుగులకే జారి పాదం మీద పడతాయి, చూసేవాళ్ళకి నాటకాల వేషంలా ఉంటుంది. పురి వదులుగా పెడితే నడకలో విడిపోయి లేసు తొక్కుకుంటారు.

హైదరాబాద్‌లో మండపం ఎక్కేముందు ఆరు జతలు విప్పాలంటే ఒక్కొక్కరికీ రెండు నిమిషాలు పడుతుంది, పురోహితుడు ఆగడు. ముడి జారుముడిగానే వేయమనండి, విప్పుకోవడానికి మెట్ల దగ్గర రెండు కుర్చీలు వేయించండి. వంగి విప్పితే ఏమవుతుందో పైన చెప్పా.

గోదారిగట్టు

మాస్టారూ, ఫోన్ ఎక్కడ పెట్టుకోవాలి? కిల్టుకి జేబుల్లేవుగా.

కుచ్చిళ్ళమాస్టారు

స్పోరన్‌లో పట్టదు. డ్రెస్ స్పోరన్ నోరు చిన్నది, ట్రామ్ కార్డు, ఒక తాళం, మడిచిన నోట్లు పడతాయి అంతే. ఫోన్ కోటు లోపలి జేబులో.